రెండు సర్వర్ల మధ్య ఒక్క వాక్యం

మా ఆఫీసులో ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు. అందుకే ఆయన పేరు స్వెటర్ అయిపోయింది. జీతాల పట్టీలో వేరే పేరు ఉండేదనుకోండి, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయన పలికేవాడో లేదో నాకు అనుమానమే. సర్వర్లుండే గదిలో యంత్రాలకు చలి కావాలి, మనిషికి అక్కర్లేదు. అయినా జీతం తీసుకునేది మనిషే కాబట్టి సర్దుకోవాల్సిందీ మనిషే. అలా సర్దుకుని సర్దుకుని ఆయనకు చలి ఒంటికి పట్టేసింది. బయట మేమంతా ఫ్యాను కింద కుర్చీ కోసం కొట్టుకు చస్తుంటే, ఆయన ముదురు గోధుమరంగు స్వెటర్‌కి మెడ దాకా గుండీలు పెట్టుకుని వరండాలో నడిచి వెళ్లేవాడు.

నా బల్ల ఆ గది తలుపు పక్కనే. వచ్చిన ఉత్తరాలకు ముద్రవేసి ఎవరివి వాళ్లకు పంచడం నా పని. ఉత్తరాలు రావడం ఎప్పుడో తగ్గిపోయింది, ముద్రా నేనూ మిగిలాం. కాబట్టి ఎవరేం చేస్తున్నారో చూడటానికీ, దాని మీద నా అభిప్రాయం చెప్పడానికీ బోలెడంత తీరిక. నా నోరు మంచిది కాదని ఆఫీసంతా చెప్పుకునేవాళ్లు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. మేనేజరు కూడా నా బల్ల దాటేటప్పుడు కాస్త తొందరగా నడిచేవాడు. స్వెటర్ ఒక్కడే నా దగ్గర నిలబడి, "ఏం చెల్లెమ్మా, ఇవాళ ఎవరి మీద?" అని అడిగేవాడు. నేను ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, తలుపు చుట్టరికం అంతే.

మాది నీళ్ల సరఫరా కంపెనీ. నదికి ఇవతల మా పాత భవనం, అవతల కొత్త భవనం. ఒక్కో దానిలో ఒక్కో పెద్ద సర్వర్. పొద్దున్నే మేం కంప్యూటర్ తెరిచి పాస్‌వర్డ్ కొడితే, మేం మేమే అని ఒప్పుకుని లోపలికి రానిచ్చేది ఈ సర్వర్లే. ఎవరు ఏ ఫైళ్లు చూడొచ్చు, ఎవరి కాగితం ఏ ప్రింటర్‌లో రావాలి, తెర మీద ఏ నోటీసు కనపడాలి, ఈ నియమాలన్నీ ఒక ఉమ్మడి ఫోల్డర్‌లో ఉండేవి. ఆ ఫోల్డర్ రెండు సర్వర్లలోనూ ఉండేది. ఇవతల ఒక అక్షరం మారిస్తే అవతల దానంతటదే మారాలి, అవతల తుడిచేస్తే ఇవతలా తుడిచిపెట్టుకు పోవాలి. రెండూ ఒకే మాట మీద ఉండాలన్నమాట. మొగుడూ పెళ్లాలకు కూడా సాధ్యం కాని సంగతి ఇది. యంత్రాలు మాత్రం చేసేవి.

అవతలి సర్వర్ చూసుకునే ఆవిడని మేం అవతలి మేడం అనేవాళ్లం. మాలో ఎవరూ ఆవిణ్ణి చూసింది లేదు. స్వెటర్ కూడా చూడలేదు. ఆఫీసు ఈమెయిళ్లలో "గౌరవనీయులైన" అని మొదలెట్టి "భవదీయ" అని ముగించుకునే పరిచయం. నది మీద వంతెన ఉంది, బస్సులున్నాయి, ఫోన్లున్నాయి. అయినా వాళ్లకు ఆ అవసరం పడలేదు. యంత్రాలు బాగా పనిచేసినంత కాలం వాటి మనుషులతో ఎవరికీ పని ఉండదు.

స్వెటర్ ఇంటి సంగతి నాకు కొంచెం కొంచెంగా తెలిసింది. ఒక బట్టల ఇస్త్రీ దుకాణం పైన రెండు గదులు. కింద నుంచి వేడి వస్తుంది, పైన ఆయన వంట చేసుకుంటాడు. పెళ్లయింది, నిలవలేదు. గొడవలేమీ పడలేదట. మాటలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకరోజు ఆయన ఆఫీసు నుంచి వెళ్లేసరికి ఆమె పెట్టె సర్దుకుని కూర్చుందట. ఆటో పిలిచి పెట్టె ఎక్కించింది ఈయనే. ఎందుకు వెళ్తున్నావని అడగలేదా అన్నాను. "చెప్పాలనుకుంటే తనే చెప్పేది కదా" అన్నాడు. ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. ఆయన మీద అంత కోపం వచ్చిన రోజు ఇంకోటి లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

రెండు సర్వర్ల మధ్య దారి బాగుందో లేదో తెలుసుకోవడానికి ఈ పనివాళ్లకో పద్ధతి ఉంది. పొద్దున్నే వచ్చి ఆ ఉమ్మడి ఫోల్డర్‌లో ఒక చిన్న పరీక్ష ఫైలు పెట్టాలి. లోపల ఏదో ఒక మాట ఉంటే చాలు. కాసేపటికి అది అవతల ప్రత్యక్షమవుతుంది. అవతలి మనిషి దాన్ని తుడిచేస్తే ఇవతల కూడా మాయమవుతుంది. మాయమైందంటే అందిందని అర్థం. పోవడం ఒక దారి, రావడం ఒక దారి, రెండూ సరిగ్గా ఉన్నాయని తేలిపోతుంది. ఇక ఎవరి టీ వాళ్లు తాగొచ్చు.

చాలాకాలం అలాగే జరిగింది. ఈయన "పరీక్ష" అని రాసి పెట్టేవాడు, ఆవిడ తుడిచేసేది. ఒకరోజు ఫైలు మాయం కాలేదు. తెరిచి చూస్తే "పరీక్ష" కింద ఇంకో వాక్యం ఉంది: "అందింది. ఇక్కడ వాన." ఆయన కిటికీలోంచి చూశాడట, ఇవతల ఎండ మండిపోతోంది. చాలాసేపు ఆలోచించి, "ఇక్కడ లేదు" అని రాశాడు. అది మాయమైంది. అందింది.

అలా మొదలైంది. రోజుకో వాక్యం, అప్పుడప్పుడూ రెండు. అంతకు మించి ఎవరూ చొరవ చెయ్యలేదు. మెట్ల కింద పిల్లి పిల్లల్ని పెట్టిందని ఆవిడ రాస్తే, ఎన్ని అని ఈయన అడిగేవాడు. మర్నాడు "నాలుగు. ఒకటి నల్లది, అదే రౌడీ" అని వచ్చేది. లిఫ్టు పాడైంది, నా మోకాళ్లు నావి కావు అని ఆవిడంటే, నావి మటుకు ఎవరివో అని ఈయన. గాజు తలుపులోంచి ఆయన ఒక్కడే నవ్వుకోవడం నాకు కనపడేది. యంత్రాల మధ్య నిలబడి స్వెటర్ వేసుకున్న మనిషి నవ్వుతుంటే కొత్తవాళ్లు భయపడేవాళ్లు. నేను కూపీ లాగితే అంతా చెప్పాడు. చెప్పేటప్పుడు ఆ మనిషి మొహం చూడాలి, వయసు పదేళ్లు తగ్గిపోయింది.

ఏళ్లు గడిచాయి. వాళ్లు అలాగే వాక్యాల మీద బతికారు. ఫోన్ నంబరు అడగమని నేను పోరుతూనే ఉన్నాను. "ఇప్పుడు బాగానే ఉంది కదా, చెల్లెమ్మా" అనేవాడు. బాగుందంటే బాగుంది అనడమే తప్ప ఇంకొంచెం బాగుంటే ఏమవుతుందో చూద్దామనుకునే రకం కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది. రెండు భవనాల్లోనూ ఒకేసారి పోయింది, బ్యాటరీలు కూడా మొరాయించాయి. యంత్రాలు ఉన్నపళంగా పడిపోయాయి. సాయంత్రానికి అన్నీ లేచాయి, కనీసం లేచినట్టే కనిపించాయి. పాస్‌వర్డులు పనిచేశాయి, ప్రింటర్లు కూసాయి, జనం ఇళ్లకు పోయారు. రెండు ఫోల్డర్లనీ ఒకే మాట మీద ఉంచే ఆ పని ఒక్కటే లేవలేదు. ఎవరైనా వచ్చి సరేననే దాకా అది కదలకుండా కూర్చుంటుందట. కూర్చున్నానని ఓ హెచ్చరిక కూడా రాసిపెట్టుకుందట. అలాంటి పసుపు హెచ్చరికలు రోజుకు బుట్టెడు వస్తాయి, ఎవరు చూస్తారు?

మర్నాడు పొద్దున ఆయన ఫైలు మాయం కాలేదు. ఆ మర్నాడూ కాలేదు.

ఇక్కడే నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫైలు మాయం కాకపోతే దారి తెగిందని తెలియడానికే కదా ఆ ఫైలు పుట్టింది. దాని బతుక్కి ఇంకో పనేముంది? ఆ పనిలోనే తల నెరిసిన మనిషి ఈయన. కానీ ఆయనకు అది పరీక్ష అన్న సంగతే గుర్తులేదు. ఆవిడ పలకరించడం మానేసిందనుకున్నాడు. ఒకప్పుడు ఇంట్లో మాటలు ఎలా తగ్గాయో ఇక్కడా అలాగే తగ్గాయనుకున్నాడు. ఆయనకు తెలిసిన చెడిపోవడం అదొక్కటే.

నా దగ్గర మాత్రం బయటపడలేదు. ఇవాళ ఏం రాసిందన్నయ్యా అంటే, ఆవిడకి పనెక్కువ ఉన్నట్టుంది అన్నాడు. కొన్నాళ్లు వాక్యాలు పెడుతూనే ఉన్నాడట. జవాబు రాని మాటలు పోగుపడితే చూడలేక తనే తుడిచేసేవాడు. అవతలి సర్వర్‌లోకి ఇక్కడి నుంచే తొంగిచూసే అధికారం ఆయనకుంది. కానీ పనిలేకుండా అలా చూడటం పరాయివాళ్ల కిటికీలోంచి చూడటమేనట. ఆయన మర్యాద మండిపోను. ఒకరోజు గాజు తలుపు వెనక ఆయన కీబోర్డును ఠపఠపా కొట్టడం చూశాను. ఆ మనిషి దేన్నీ గట్టిగా కొట్టగా ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు పెట్టిన ఫైలులో ఇలా ఉంది: "విసుగొస్తే విసుగొచ్చిందని ఒక్క ముక్క చెప్పి ఆపొచ్చు. నేను ఎవరి వెంటా పడే మనిషిని కాను." దీన్ని మాత్రం తుడవలేదు, ఆవిడ ఎప్పుడైనా చూడాలని అలాగే వదిలేశాడు. ఆ తర్వాత ఫైళ్లు పెట్టడమే మానేశాడు.

ఆ రోజుల్లో ఆయన మధ్యాహ్నం డబ్బా కూడా ఆ గదిలోనే తినేవాడు. చలికి అన్నం గట్టిపడిపోతుంది, బయటికి రా అంటే ఇక్కడ ప్రశాంతంగా ఉంది అనేవాడు. గాజు అవతల ఆయన పెదవులు కదలడం ఎప్పుడైనా కనపడేది. యంత్రాలతో మాట్లాడుతున్నాడా, తనతోనా అని అడగడానికి నాకే ధైర్యం చాలలేదు. నాకు ధైర్యం చాలకపోవడం అంటే ఎంత సంగతో మీరే ఊహించుకోండి.

వానలు మొదలయ్యాయి. మా కంపెనీ పేరు మార్చారు. పేరు మారితే నీళ్ల రుచి మారుతుందని పెద్దవాళ్లకెవరు చెప్పారో మరి. కొత్త పేరుతో నోటీసు ప్రతి కంప్యూటర్ తెర మీద రావాలి. స్వెటర్ ఇవతల ఆ మార్పు చేశాడు, మా తెరలన్నీ మారాయి. డైరెక్టరు గారు అవతలి భవనంలో కంప్యూటర్ తెరిస్తే పాత పేరే పలకరించింది. ఇక చూడండి. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు, నా బల్ల దగ్గర నిలబడే స్వెటర్‌ని పిలిచి, అవతల ఏదీ మారలేదు, సంగతేంటో చూడమన్నాడు. అవతలి మేడంని అడగమంటారా అని ఈయన నసుగుతూ అన్నాడు.

"ఆవిణ్ణి కదపకండి" అన్నాడు మేనేజరు. "ఇవాళే రిటైరవుతున్నారు. మధ్యాహ్నం టీ పార్టీ ఉందట. మీరే ఇక్కణ్ణుంచి కానిచ్చెయ్యండి."

ఆ మాట స్వెటర్ చెవిన ఎలా పడిందో నేను దగ్గర నుంచి చూశాను. అలాగే వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి తలుపు సగం తెరిచి, "చెల్లెమ్మా, ఒక్కసారి ఇటు రా" అన్నాడు. నేను ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. చలి ఎముకల్లో దిగింది.

తెర మీద ఆ పసుపు హెచ్చరిక చూపించాడు. తేదీ కరెంటు పోయిన రోజుది. అప్పటి నుంచి ఇవతలి మాట అవతలికి పోలేదు, అవతలి మాట ఇవతలికి రాలేదు. ఎక్కువ రోజులు అలా విడిపోయి ఉంటే ఆ రెండూ తమంతట తాము మళ్లీ కలవవట. ఎవరి మాట నమ్మాలో వాటికి తెలియదు. మనిషే చెప్పాలి. ఇదిగో ఇవతలిదే అసలు అని ఒకదానికి ముద్ర వెయ్యాలి. అప్పుడు రెండోది తన దగ్గరున్నదంతా పక్కన పడేసి, అసలుదాన్ని చూసి మొదటి నుంచీ నకలు రాసుకుంటుంది. ఎంత న్యాయమున్నా సరే, పక్కన పడ్డది పడ్డట్టే. ఇవన్నీ చెబుతూ ఆయన నా వైపు చూడటం లేదు.

"అంటే ఆవిడ మానెయ్యలేదన్నమాట" అన్నాను.

"చూడాలి" అన్నాడు.

పని మొదలెట్టే ముందు రెండు వైపులదీ ఒక కాపీ తీసి దాచుకోవడం వాళ్ల ఆనవాయితీ. పక్కన పడేది రేపు కావాల్సి రావచ్చు. ఇప్పుడు అవతలి కిటికీలోంచి చూడటానికి ఆయనకో పని దొరికింది. అవతలి ఫోల్డర్ తెరిచాడు. నియమాల ఫైళ్ల కింద చిన్న చిన్న ఫైళ్లు వరసగా ఉన్నాయి. ఒకటి కూడా తుడవలేదు ఆవిడ.

మొదటిది తెరిచాడు. "మీ ఫైలు రాలేదు. ఒంట్లో బాగుందా?" తర్వాతది: "ఇవాళ కూడా రాలేదు. సెలవు పెట్టారనుకుంటా." ఇంకో రెండు మూడు అలాంటివే. తర్వాత: "మా చెల్లెలికి ఆపరేషన్ అయింది. రిటైరయ్యాక తన ఊరొచ్చి తనతోనే ఉండమంటోంది. నాకేమీ తోచడం లేదు. మీరేమంటారు?" ఆ మర్నాడు: "వెళ్లమంటారా, వద్దంటారా? ఒక్క మాట రాయండి, చాలు." వారం ఖాళీ. తర్వాత: "సరే. అర్థమైంది."

అక్కడితో అయిపోలేదు. "ఇక్కడ రాసేది ఎవరూ చదవరని తెలిసిపోయింది కాబట్టి రాస్తున్నాను. ఇంటికెళ్లగానే టీవీ పెడతాను. చూడటానికి కాదు, ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలని." ఇంకొకటి: "చెల్లెలికి వస్తానని చెప్పేశాను. చెప్పిన తర్వాత కూడా రోజంతా మీ ఫైలు కోసం చూశాను. నాకు బుద్ధి లేదు."

నా కళ్లు తుడుచుకుని, ఫోన్ చెయ్యి అన్నయ్యా, ఇప్పుడే చెయ్యి అన్నాను. ఫోన్లో తనకు మాటలు రావన్నాడు. ముందు దారి బాగుచేస్తాడట. ఆవిడ చివరిసారి కంప్యూటర్ కట్టేసేలోపు ఒక్క వాక్యం చేరాలట. ఆయనకు తెలిసిన దారి అదొక్కటే, దాన్నే పట్టుకున్నాడు. నేనింకా గట్టిగా అరిచి ఫోన్ చేతిలో పెట్టాల్సింది, కానీ ఆయన అప్పటికే కీబోర్డు మీదికి వంగిపోయాడు.

మార్పులన్నీ జరిగింది ఇవతల కాబట్టి ఇవతలిదే అసలు అనాలి. అలాగే అన్నాడు. రెండు వైపులా ఆ సేవను ఆపాడు. తన సర్వర్‌కి అసలు ముద్ర వేశాడు, ఆవిడ సర్వర్‌ని నకలు రాసుకునేదిగా పెట్టాడు. మొదట ఇవతల లేపాడు, తర్వాత అవతల. అవతలి ఫోల్డర్ ఖాళీ అయింది. ఆవిడ వాక్యాలన్నీ ఒక మూల అరలోకి పోయాయి. ఆ తర్వాత ఇవతలి ఫైళ్లు ఒక్కొక్కటే అక్కడ మొలవడం మొదలైంది. దారి తెరుచుకుంది.

ఆయన ఆత్రంగా కొత్త ఫైలు తెరిచి, "అన్నీ ఇప్పుడే చదివాను. తప్పు నాది" అని కొట్టి, ఫోల్డర్‌లో పెట్టాడు. పెట్టి ఆ జాబితా వైపు చూసుకుంటుంటే, నాకే కనపడింది. కొత్తదానికి పైన ఇంకో చిన్న ఫైలు ఉంది, ఎప్పటిదో. అదేంటన్నయ్యా అన్నాను.

ఎవరి వెంటా పడే మనిషిని కాను అన్న ఫైలు అది. ఇవతలిదే అసలు అని ముద్ర వేశాడు కదా, ఇవతల ఉన్నదంతా అవతలికి పోతుంది. మంచీ చెడూ యంత్రానికేం తెలుసు? ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ మూలన పడి, ఈ ముక్క ఒక్కటి ముందుగా చేరి ఉంటుంది. ఆయన దాన్ని తుడిచెయ్యబోయి మౌస్ మీద చెయ్యి వేశాడు. నొక్కేలోపే అది తెర మీద నుంచి మాయమైంది.

అందింది.

మేమిద్దరం రెండో ఫైలు కోసం చూశాం. అది మాయం కాలేదు. ఎంతసేపు చూసినా అలాగే ఉంది. ఆవిడ ఆ మొదటిదొక్కటే చదివి, కంప్యూటర్ కట్టేసి లేచిపోయింది.

అప్పుడు తిట్టాను. ఆ మనిషిని ఎప్పుడూ అననన్ని మాటలు అన్నాను. పెట్టె ఎక్కించడానికి ఆటో పిలిచిన మనిషివి, ఇంతకంటే ఏం చేస్తావు అన్నాను. ఆ మాట చాలా పెద్దదే, కానీ వెనక్కి తీసుకోలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. గది తలుపు తీసుకుని, నా బల్ల దాటి, వరండాలో మేనేజరు ఎదురొచ్చి పని అయిందా అంటే అయిందని చెప్పి, ఆగకుండా మెట్లు దిగిపోయాడు. ఆఫీసు వేళ మధ్యలో ఆయన గేటు దాటడం నేను చూసింది అదే మొదలు. గొడుగు కూడా తీసుకోలేదు.

ఆ తర్వాతది ఆయన చెప్పగా విన్నదే. అవతలి భవనం చేరేసరికి వాన ఆగి ఎండ కాస్తోంది. గేటు దగ్గర మనిషి, మేడం టీ కూడా తాగకుండా బయల్దేరారు, బస్టాపులో ఉంటారు చూడండి అన్నాడు. బస్టాపులో ఒకావిడ అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పెట్టె మీద రంగుకాగితం చుట్టిన గోడ గడియారం. రిటైరయ్యే వాళ్లకి గడియారం ఇవ్వాలని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లకి మనుషులంటే పడదు. చిన్న మనిషి, పెద్ద కళ్లద్దాలు. ఇన్నేళ్లూ ఆయన ఆవిణ్ణి పొడుగ్గా ఊహించుకున్నాడట.

ఎదురుగా నిలబడి, "మేడం, నేను అవతలి సర్వర్" అన్నాడట. ఇంత తెలివిగా పరిచయం చేసుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మీరు ఎవరి వెంటా పడరు కదా" అంది.

ఈయన గబగబా చెప్పేశాడు. కరెంటు పోయిన రోజు నుంచి నకలు ఆగిపోయిందనీ, ఆవిడవి తనకు రాలేదనీ, తనవి ఆవిడకు రాలేదనీ, ఈ ముక్క ఎప్పటిదో ఇవాళ చేరిందనీ. ఆవిడా ఆ పనిలో పండిన మనిషే. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వేళ్లు గడియారం కాగితం మీద కదుపుతూ, ఏ రోజు ఏం జరిగి ఉంటుందో లోపల పేర్చుకుంది. చివరికి మెల్లగా, "అది పరీక్ష ఫైలు కదండీ" అంది. అవునండీ అన్నాడు. "ఇద్దరికీ తట్టలేదు" అని ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

తనవి చదివారా అని అడిగింది. చదివానన్నాడు. అన్నీనా అంది. అన్నీ అన్నాడు. ఆవిడ మొహం తిప్పుకుని, చివర్లోవి మీకు రాసినవి కావు అంది. తెలుసన్నాడు. ఆయన పక్కన కూర్చున్నాడు. మధ్యలో అట్టపెట్టె.

"ఆ రోజే అంది ఉంటే ఏం రాసేవారు?" అని అడిగిందట.

"వెళ్లొద్దని రాసేవాణ్ణి."

ఆవిడ ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. ఇద్దరూ దాన్ని చూడనట్టే కూర్చున్నారు. డ్రైవరు కాసేపు చూసి తీసుకెళ్లిపోయాడు.

ఇదంతా ఆయన మర్నాడు పొద్దున నా బల్ల దగ్గర నిలబడి చెప్పాడు. ఇల్లు ఖాళీ చేసేసిందనీ, సామాను ముందే పంపేసిందనీ, ఆ సాయంత్రమే ఆవిడ ఊరు వదిలిందనీ కూడా చెప్పాడు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. రాసేవాణ్ణట, రాసేవాడు. ఎదురుగా కూర్చున్న మనిషితో కూడా రాసిన సంగతేనా? అప్పుడైనా ఉండమని నోరు తెరిచి అడగొచ్చు కదా అన్నాను.

"అడిగాను, చెల్లెమ్మా" అన్నాడు.

ఏమందని అడిగాను.

"చెల్లెలు మంచం మీద ఉందట. తనకోసం గది సర్దించి పెట్టి, రోజూ ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడుగుతోందట. మాటిచ్చాను, ఇప్పుడు రానంటే అది తట్టుకోలేదు అంది." స్వెటర్ గుండీ ఒకటి సర్దుకున్నాడు. "ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నాను, నన్ను ఉండమన్నది మీరొక్కరే అంది. తర్వాతి బస్సు ఎక్కి వెళ్లిపోయింది."